మేనేజ్‌మెంట్ సీటా, బాబాయి షాపా?

ప్రశ్న: మేడమ్, నాకు 18 ఏళ్లు. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాను. వెయ్యికి 642 మార్కులు వచ్చాయి. ఎప్‌సెట్ ర్యాంకు లక్ష దాటిపోయింది. మేము హైదరాబాద్ చింతల్‌లో ఉంటాం. నాన్న జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. మా బాబాయికి ఏసీ, ఫ్రిజ్ రిపేర్ల షాపు ఉంది. టెన్త్ సెలవుల నుంచీ ఆయనతో పనికి వెళ్తున్నా. ఈ ఏప్రిల్‌లో ఒక్క నెలకే 22 వేలు ఇచ్చాడు. పూర్తిగా వచ్చెయ్, రెండేళ్లలో నిన్ను మెకానిక్‌ని చేస్తా అంటున్నాడు. నాన్న మాత్రం ఊళ్లో ఉన్న స్థలం అమ్మయినా సరే, మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిస్తానంటున్నారు. ఏడాదికి లక్షన్నర దాకా అవుతుందట. నాకు చదువంటేనే విరక్తి పుట్టింది. నాన్న ఇప్పుడు నాతోనూ, బాబాయితోనూ మాట్లాడటం మానేశారు. మెకానిక్‌కి పిల్లనెవరిస్తారని అమ్మ ఏడుస్తోంది. ఇప్పుడే పనిలో చేరిపోతే తప్పా?

— ఒక పాఠకుడు, చింతల్

సమాధానం: తప్పేమీ లేదు బాబూ. ఇంటర్ అవగానే పనిలో చేరినవాళ్లు ఈ ఊళ్లో లక్షల మంది ఉన్నారు. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచింది ముందే చెప్పేస్తాను. మీ నాన్న స్థలం అమ్మి ఆ సీటు కొనకూడదు. నువ్వు కూడా బాబాయి చెప్పిన పద్ధతిలో ఆయన షాపులో చేరకూడదు. ఈ మాటతో మీ ఇంట్లో ఇద్దరికీ నా మీద కోపం వస్తుందని తెలుసు. కారణాలు విని ఆ తర్వాత కోప్పడండి.

ముందు సీటు సంగతి. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు ఆరు లక్షలు. కాలేజీ బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, చివరి ఏడాది ప్రాజెక్టు పేరుతో కట్టేవి దీనికి అదనం. సీటిచ్చేటప్పుడు రసీదు లేకుండా ఏమైనా అడుగుతున్నారేమో మీ నాన్ననే అడుగు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి నువ్వేమీ రాయలేదు గానీ, ఆదాయం ఎంత తక్కువైనా మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది రాదు. ఎవరైనా కన్సల్టెంటు 'తర్వాత చూసుకుందాం' అంటే నమ్మకండి.

డబ్బు కంటే నన్ను ఆపింది ఇంకొకటి. నీ ఉత్తరంలో కంప్యూటర్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. లక్ష దాటిన ర్యాంకుతో చేరిన కాలేజీ నుంచి పైకొచ్చిన పిల్లలు లేరని నేననను. ఉన్నారు. వాళ్లు కోడింగ్ మీద ఇష్టంతో కాలేజీ చెప్పినా చెప్పకపోయినా రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నవాళ్లు. ఇష్టం లేకుండా చేరినవాళ్ల సంగతి చూడాలంటే ఒక సాయంత్రం సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట మైత్రీవనం దగ్గరికి వెళ్లి నిలబడు. చేతిలో బీటెక్ పట్టా పెట్టుకుని, మళ్లీ ఫీజు కట్టి, కొత్త కోర్సులో చేరడానికి కరపత్రాలు పోగేసుకుంటూ కనిపిస్తారు. హాస్టల్ అద్దె అప్పటికీ ఇంటి నుంచే. అందులో అవమానమేం లేదు కానీ, ఆరు లక్షలు పోసి ఆ కోచింగ్ సెంటర్ల ముందుకు రావడానికి ఊళ్లో స్థలం ఎందుకు పోవాలి?

అయినా మీ నాన్న మూర్ఖంగా మాట్లాడుతున్నారని అనుకోకు. ఆయన స్థానంలో నిలబడి చూడు. మందుల కంపెనీలో ఆపరేటర్ అంటే మూడు షిఫ్టులు. రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఇంటికొస్తే బట్టల నిండా ఆ వాసన. ఏళ్ల తరబడి రియాక్టర్ దగ్గర నిలబడి అన్నీ తెలిసిన మనిషి, నిన్నగాక మొన్న డిగ్రీ చేతపట్టుకుని వచ్చిన కుర్రాడు చెప్పినట్టు వినాలి. ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి 'క్వాలిఫికేషన్ లేదు' అంటారు. కాగితం లేనివాడి చేతిపనికి ఎక్కడ అడ్డం పడుతుందో మీ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆ భయం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ భయానికి ఆయన పట్టుకున్న మందే తప్పు. బీటెక్ కాకపోతే ఇంక బతుకే లేదన్నట్టు ఫ్లెక్సీల మీద ర్యాంకులు అచ్చేసి ఈ ఊరి తల్లిదండ్రులను అలా తయారుచేసిన కాలేజీలది సగం పాపం. ఆ కోపం ఇంకెప్పుడైనా.

ఇక నీ విరక్తి. రెండేళ్లు ఎక్కడ చదివావో రాయలేదు. పొద్దున్నే లేచి స్టడీ అవర్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, వారం వారం టెస్టు, మార్కుల మెసేజ్ ఇంటికి. ఇలాంటిదేనా? అయితే నీకు విరక్తి పుట్టింది దాని మీద. చదువు మీదేనని ఇప్పుడే తేల్చెయ్యకు. అలిసిపోయి ఉన్నప్పుడు ఏ పనైనా చదువు కంటే హాయిగానే ఉంటుంది, అందులోనూ సాయంత్రానికి చేతిలో డబ్బు పడితే. నిన్ను నువ్వు ఒక ప్రశ్న వేసుకో. ఇన్వర్టర్ ఏసీ ఆగిపోయి డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ పడింది. బాబాయి దాన్ని చూసేటప్పుడు ఆ కోడ్ అర్థమేంటో నీకు తెలుసుకోవాలనిపిస్తుందా, లేక ఎప్పుడు అయిపోతుందా అని ఫోన్ చూసుకుంటావా? తెలుసుకోవాలనిపిస్తే నువ్వు ఇంకా చదువుతావు. పుస్తకం మారుతుందంతే. ఫోనే చూసుకుంటుంటే ఏసీ పని కూడా నీకు రెండో వేసవికల్లా విసుగొస్తుంది. అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయి, జవాబు వేరేలా ఉంటుంది. ప్రస్తుతానికి మొదటిదే అనుకుని రాస్తున్నా.

బాబాయి ఇచ్చిన 22 వేల దగ్గరికొద్దాం. అది ఏప్రిల్ డబ్బు. హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌కి మార్చి నుంచి జూన్ దాకా తిండి తినడానికి టైముండదు. తొలకరి పడ్డాక ఫోన్ మోగడం తగ్గుతుంది. చలికాలంలో ఎవరికి ఏసీ కావాలి? ఆఫీసుల సర్వీస్ కాంట్రాక్టులున్న షాపులు తట్టుకుంటాయి, లేనివాళ్లు గీజర్లు, వాషింగ్ మిషన్లు చూసుకుంటారు. అందుకని బాబాయిని 'నవంబరులో ఎంతిస్తావు?' అని అడుగు. ఉదాహరణకు తొమ్మిది వేలన్నాడనుకుందాం. నాలుగు నెలలు 22 వేలు, ఎనిమిది నెలలు తొమ్మిది వేలు కలిపితే ఏడాదికి లక్షా అరవై వేలు. నెలకు సగటున 13 వేల పైచిలుకు. 18 ఏళ్ల కుర్రాడికి తక్కువేం కాదు, కానీ నీ మనసులో ఉన్నది మాత్రం 22. పెళ్లిళ్ల సీజన్‌లో పూలకొట్టు అమ్మకం చూసి ఏడాది లెక్క వేసినట్టుంది నీ లెక్క.

ఇంకోటి. బాబాయి మంచివాడే కావచ్చు, కానీ బంధువు దగ్గర పనికి జీతం అంటూ ఉండదు, చేతి ఖర్చుంటుంది. ఈ నెల చెక్కు రాలేదు, వచ్చే నెల చూద్దాం అంటాడు. నువ్వు అడగలేవు. అడిగితే 'ఇంట్లోవాడివి, నీకు లెక్కలేంట్రా' అంటాడు. వేరే షాపులో అయితే మానేసి ఇంకోచోట చేరిపోతావు. ఇక్కడ మానేస్తే దసరాకి రెండిళ్లవాళ్లూ ఒకచోట కూర్చోలేరు. ఇప్పటికే మీ నాన్న తమ్ముడితో మాట్లాడటం లేదంటే, కొడుకుని తమ్ముడు లాగేసుకున్నాడన్న బాధ ఆయనలో ఉంది. ఇంటి గొడవ ముదరకుండా ఉండాలన్నా నువ్వు అక్కడ పూర్తికాలం చేరకపోవడమే మేలు.

అసలు తేల్చుకోవాల్సింది మాత్రం బాబాయి నీకు ఏం నేర్పగలడన్నది. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఈసారి కొత్త స్ప్లిట్ ఏసీ బిగించడానికి వెళ్లినప్పుడు గమనించు. రాగి పైపులు ఫ్లేర్ చేసి, అంటే చివర్లు వెడల్పు చేసి, ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ కలిపి, నట్లు బిగించాక బాబాయి ఏం చేస్తాడు? వ్యాన్‌లోంచి వాక్యూమ్ పంప్ తీసి, గేజ్ తగిలించి, పైపులో ఉన్న గాలిని, తేమను పూర్తిగా లాగేసేదాకా ఆగుతాడా? లేక అవుట్‌డోర్ వాల్వ్ కొంచెం తిప్పి, రెండో వైపు నుంచి బుస్సుమని గ్యాస్ వదిలి గాలిని తోసేసి, అయిపోయింది ఆన్ చెయ్ అంటాడా? మన ఊళ్లో రెండోది చేసేవాళ్లు బోలెడు మంది. అరగంట కలిసొస్తుంది, ఆ అరగంటలో ఇంకో ఇంటికి వెళ్లొచ్చు. ఆ రోజుకి గది చల్లగానే ఉంటుంది. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ ఆయిల్‌లో కలిసి, ఆమ్లంగా మారి, కొన్నాళ్లకు కంప్రెసర్‌ని తినేస్తుంది. కస్టమర్ ఏసీ కంపెనీని తిట్టుకుంటాడు.

గ్యాస్ ఎక్కించేటప్పుడూ అంతే. ఇప్పటి ఏసీల్లో చల్లదనానికి వాడే ఆర్-410ఏ, ఆర్-32 గ్యాస్‌లను సిలిండర్‌ని వెయింగ్ మిషన్ మీద పెట్టి, ఏసీ మీద రాసి ఉన్న గ్రాముల ప్రకారం ఎక్కించాలి. గేజ్‌లో ముల్లు చూసి, పైపు పట్టుకుని చల్లదనం చూసి 'సరిపోయింది' అనేది పాత ఆర్-22 రోజుల అలవాటు. ఆ ఆర్-22తో కొత్త ఏసీలు తయారుచేయడానికి 2025 మొదలు మన దేశంలో వీల్లేదు. ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువగా ఉండే ఆర్-32 మండే గుణం ఉన్న గ్యాస్. దాన్ని మూసిన గదిలో వదిలేస్తూ పక్కనే టార్చ్ వెలిగించే మెకానిక్ దగ్గర నువ్వు పని నేర్చుకోవడం నాకిష్టం లేదు.

పీసీబీ, అంటే ఏసీని నడిపించే సర్క్యూట్ బోర్డు పోతే బాబాయి ఏం చేస్తాడో కూడా చూడు. కోఠి గుజరాతీ గల్లీలో విడి భాగాలు తెచ్చుకుని తనే బాగుచేస్తాడా, ఇంకొకరికి పంపి కమీషన్ తీసుకుంటాడా, లేక బోర్డు మొత్తం మార్చాలని కస్టమర్‌కి చెప్పేస్తాడా? ఇన్వర్టర్ ఏసీలు వచ్చాక అసలు డబ్బూ, అసలు విద్యా ఆ బోర్డు దగ్గరే ఉన్నాయి. వాక్యూమ్ పంపూ, వెయింగ్ మిషనూ వాడుతూ, బోర్డు మీద చెయ్యేసే మనిషైతే మీ బాబాయి నిజంగా గురువే. నా సలహాలో ఆయన వాటా పెరుగుతుంది. కాకపోతే రెండేళ్ల తర్వాత నువ్వు ఆయనంత మెకానిక్‌వి అవుతావు, అక్కడితో సరి.

ఇక నేనేం చేయమంటానంటే, ఐటీఐలో చేరు. ట్రేడ్ పేరు 'రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్' (పాత పేరు 'మెకానిక్ రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్'), రెండేళ్ల కోర్సు. మల్లేపల్లి ఐటీఐ పేరు వినే ఉంటావు. అదొక్కటే కాదు, నగరంలో, చుట్టుపక్కల ప్రభుత్వ ఐటీఐలు చాలా ఉన్నాయి. ఏ ఐటీఐలో ఈ ట్రేడ్ సీట్లున్నాయో చూసుకుని ఆప్షన్లు పెట్టుకో. 'ఇంటర్ ఎంపీసీ చదివి మళ్లీ టెన్త్ వాళ్లతో ఐటీఐనా?' అని నీకు అనిపిస్తుంది, మీ నాన్నకి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. నీ ఎంపీసీ ఊరికే పోదు. థర్మోడైనమిక్స్ చదివావు కదా, కంప్రెసర్ ఎందుకు వేడెక్కుతుందో, కండెన్సర్ బయటే ఎందుకుండాలో టెన్త్ పిల్లాడి కంటే నీకు రెండు రెట్లు త్వరగా అర్థమవుతుంది. ప్రభుత్వ ఐటీఐ ఫీజు మీ ఇంటికి బరువు కాదు.

ఒక హెచ్చరిక. ఐటీఐల్లో కొన్నింటిని ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. రోబోటిక్స్ లాంటి కొత్త కోర్సులు పెడుతున్నారు. చూడ్డానికి ఆకర్షణగా ఉంటాయి, అవి మంచివే అయ్యుండొచ్చు. నీకు చెయ్యి తిరిగిన పని ఒకటి ఇప్పటికే ఉంది కాబట్టి పక్కకు చూడకు.

ఐటీఐ సర్టిఫికెట్ ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానో విను. బాబాయి షాపుకి, కాలనీ ఇళ్లకి కాగితం అక్కర్లేదు. కానీ చల్లదనం అమ్ముడుపోయే పెద్ద చోట్లు వేరే ఉన్నాయి. ఆస్పత్రులు, మాల్స్, సాఫ్ట్‌వేర్ టవర్లు, ఇలాంటి పెద్ద భవనాల్లో చిల్లర్ ప్లాంట్లు, అంటే భవనమంతటినీ చల్లబరిచే పెద్ద యంత్రాలు ఉంటాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది ఇక్కడ డేటా సెంటర్ ప్రకటించింది. ఆ సర్వర్లు చలికాలంలోనూ వేడెక్కుతాయి. అక్కడ నవంబరుకీ ఏప్రిల్‌కీ తేడా ఉండదు, జీతం పన్నెండు నెలలూ వస్తుంది. కానీ గేటు దగ్గర ఐటీఐయో డిప్లొమానో అడుగుతారు. గల్ఫ్ వెళ్లాలనుకున్నా అంతే, హెల్పర్ వీసాకీ, సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ వీసాకీ జీతం తేడా కరీంనగర్, నిజామాబాద్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

పైకి దారి కూడా మూసుకుపోదు. రెండేళ్ల ఐటీఐ మంచి మార్కులతో పాసై, బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. వెళ్లాలని కాదు. ఇరవై రెండేళ్లప్పుడు నీకే బుద్ధి పుడితే అప్పుడు మెకానికల్ బీటెక్‌లో కూర్చున్న నువ్వు, ఇప్పుడు బలవంతంగా సీఎస్‌ఈలో కూర్చునే నువ్వు ఒకటి కాదు. మీ నాన్నకి ఈ దారి కాగితం మీద గీసి చూపించు. 'చదువు మానేస్తున్నాడు' అన్న మాట ఆయన మనసులోంచి పోవడానికి అదే మందు.

ఇప్పుడు మీ నాన్న ఎప్పుడూ ఆలోచించి ఉండని సంగతి ఒకటి చెబుతా. ఆయన కంపెనీలోనే నీ పని ఉంది. మందుల కంపెనీలో యుటిలిటీ అని ఒక విభాగం ఉంటుంది. బాయిలర్, చిల్లర్, కూలింగ్ టవర్, గాలిని శుభ్రం చేసి పంపే ఏహెచ్‌యూలు, అన్నీ వాళ్ల చేతిలోనే. ఆ గదుల్లో వేడి, తేమ లెక్క తప్పితే బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వస్తుంది, అందుకే ప్లాంటులో వాళ్ల మాటకి విలువుంటుంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలి, మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా. మీ నాన్న కంపెనీలో అంతమంది ఉంటే దానికీ ఇది వర్తిస్తుంది. ఐటీఐ అయ్యాక అక్కడో, అలాంటి ఇంకో ప్లాంటులోనో ఏడాది అప్రెంటిస్‌గా చేస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కూడా వస్తుంది. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ చేసినవాళ్లకు నెలకు కనీసం 7 వేల స్టైపెండ్ అని పెట్టారు. తక్కువే. అది నేర్చుకునే ఏడాది.

మీ నాన్నని బతిమాలడానికి వెళ్లేటప్పుడు ఇది మొదట ఎత్తు. 'నాన్నా, మీ కంపెనీలో యుటిలిటీ ఇన్‌చార్జి ఎవరు? ఆయన ఏం చదివాడు? హెల్పర్‌గా చేరినవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారు?' అని అడుగు. ఏళ్ల తరబడి అక్కడున్న మనిషికి ఆ లెక్కలన్నీ తెలుసు. చెప్పడం మొదలుపెట్టాక నీతో మాట్లాడటం మానేశానన్న సంగతి ఆయనే మర్చిపోతారు. చివర్లో 'చూద్దాంలే' అంటారు. మన నాన్నల భాషలో చూద్దాంలే అంటే సగం ఒప్పుకున్నట్టే, తొందరపెట్టకు.

దీనితోపాటు ఒక డిగ్రీ నడుస్తూ ఉండాలి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇక్కడే జూబ్లీహిల్స్‌లో ఉంది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ, 1982లో పెట్టింది. ఇంటర్ పాసైనవాళ్లు నేరుగా చేరొచ్చు, తెలుగులో రాయొచ్చు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ దూరవిద్య డిగ్రీ కాలేజీకెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అందుకే 'ఓపెన్ డిగ్రీకి విలువ లేదు' అనే చుట్టాలకు జవాబు చెప్పనక్కర్లేదు. నువ్వైతే బీకామ్ తీసుకో. రేపు సొంత షాపు పెడితే బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు లోనుకు లెక్కలు, అన్నీ నీకే పనికొస్తాయి. గ్రూప్స్ రాయాలన్నా, బ్యాంకు పరీక్ష రాయాలన్నా డిగ్రీ కావాలి. ఐటీఐ క్లాసులూ ఈ పరీక్షలూ కలిసి మోయలేనంత బరువనిపిస్తే డిగ్రీ ఒక ఏడాది ఆగి మొదలుపెట్టు, ఐటీఐని మాత్రం వదలకు.

మరి బాబాయి? ఆదివారాలు, సెలవులు, ఐటీఐ క్లాసులు అయ్యాక సాయంత్రాలు వెళ్లు. వేసవి సీజన్‌లో వీలైనంత ఎక్కువ చెయ్యి. రోజుకి ఇంత అని మాట్లాడుకో, అదీ నువ్వు కాదు, మీ నాన్న మాట్లాడాలి. అన్నదమ్ములిద్దరూ కూర్చుని 'వీడికి రోజుకి ఎంతిస్తావురా' అనుకుంటే డబ్బు సంగతీ తేలుతుంది, వాళ్ల అలకా తీరుతుంది. మీ నాన్న నోటి నుంచి వచ్చిన అంకెని బాబాయి తప్పడు. నువ్వడిగితే మాట తప్పొచ్చు.

అమ్మకి ఏం చెప్పాలంటావా? పద్దెనిమిదేళ్లకే పెళ్లి టెన్షన్ ఎందుకని కసురుకోకు. ఆవిడ భయం ఉత్తిదేం కాదు, మన సంబంధాల మార్కెట్‌లో 'అబ్బాయి సాఫ్ట్‌వేర్' అన్న మాటకున్న ధర అందరికీ తెలిసిందే. అయితే నీ పెళ్లికి ఇంకా ఏడెనిమిదేళ్లుంది. 'అబ్బాయి చిల్లర్ ప్లాంటులో టెక్నీషియన్, డిగ్రీ చేశాడు, ఊళ్లో స్థలముంది' అని చెప్పుకోవడానికి ఆ స్థలం ఇప్పుడు అమ్మకుండా ఉంచమను. ఆవిడ నవ్వినా నవ్వకపోయినా స్థలం మాట మీద మాత్రం నీ వైపు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం బాబాయితో మొహమాటపడకు. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, బాల్కనీ అవతల గోడకి స్టాండు కొట్టి అవుట్‌డోర్ పెడతారు కదా. ఒకడు లోపలి నుంచి బెల్టో తాడో పట్టుకుంటే ఇంకొకడు సన్‌షేడ్ మీద నిలబడి నట్లు బిగిస్తాడు. ఆ నిలబడేది ఎప్పుడూ హెల్పరే. ఫుల్ బాడీ సేఫ్టీ బెల్టు లేకుండా ఆ సన్‌షేడ్ మీద కాలు పెట్టకు. బాబాయి నవ్వినా సరే, కస్టమర్ తొందరపెట్టినా సరే. లీకు చూడటానికి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తగిలించే పని ఎవరు చేస్తున్నా అక్కడి నుంచి లేచి వచ్చెయ్, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలిపోతుంది. పదిమందిలోపు పనివాళ్లున్న షాపుకి మామూలుగా ఈఎస్‌ఐ ఉండదు, దెబ్బ తగిలితే ఖర్చు మీ ఇంటిదే. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా పూర్తి వైకల్యం వచ్చినా రెండు లక్షలు వస్తాయి. ఆస్పత్రి ఖర్చు అందులో రాదు, దానికి వేరే పాలసీ ఉండాలి.

ఐటీఐ సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు, ఇంటర్ మార్కులు చూడరు. కాబట్టి టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ, బోనఫైడ్‌లు దగ్గర పెట్టుకో. ఇంటర్ కాలేజీలో ఫీజు బాకీ ఏదైనా ఉంటే ఈ వారమే తేల్చుకుని టీసీ తెచ్చుకో, చివరి నిమిషంలో వాళ్లు తిప్పుతారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మొదటి విడతలోనే ఆప్షన్లు పెట్టు, ఈ ట్రేడ్ సీట్లు తర్వాతి విడతలకు మిగులుతాయన్న గ్యారంటీ లేదు.